రాహువు ఇచ్చిన గంటన్నర

మీరెప్పుడైనా ఒక వాదంలో గెలిచి, ఆ గెలుపు వల్ల ఎవరి పొయ్యి వెలగలేదో వెళ్లి చూశారా? నేను చూశాను. చూద్దామని వెళ్లలేదు. నా వడ్లు మర పట్టించుకోవడానికి వెళితే కనబడింది.

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయలేదు. హేతువాది తన తప్పు తానే ఒప్పుకుంటే ముహూర్తాలు పెట్టేవాళ్లు మిఠాయిలు పంచుకుంటారని ఊరుకున్నాను. పోయిన నెల నా పాత విద్యార్థి ఒకతను ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో ఒక కంపెనీ కంప్యూటర్ విభాగంలో పని. కంప్యూటర్లు చేయాల్సిన పనుల్లో ఏది ముందు, ఏది వెనక, ఏది ముగిశాక ఏది మొదలవ్వాలి అన్నది ఒక సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందట. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇతను చూసుకుంటాడట. టీ తాగుతూ ఒక తమాషా చెప్పాడు. రోజూ మధ్యాహ్నం గంటన్నర సేపు పెద్ద పనులేవీ మొదలుకాకుండా పాతవాళ్లెవరో ఒక ఖాళీ పెట్టి పోయారు. ఎందుకు పెట్టారో ఎక్కడా రాసి లేదు. దండగ అని ఇతను తీసేశాడు. మర్నాటి నుంచి మారుమూల బ్రాంచీల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. వాళ్ల చిన్న చిన్న రిపోర్టులు ఇన్నాళ్లూ ఆ ఖాళీలో దూరి పూర్తయ్యేవని ఎవరికీ తెలియదు. ఇప్పుడవి పెద్ద పనుల వెనక నిలబడి ఉన్నాయి.

అతను నవ్వాడు. నాకు మిర్యాలగూడలో ఒక మిల్లు డ్రైవర్ గుర్తొచ్చాడు.

డ్రైవర్ అంటే బండి నడిపే మనిషి కాదు. ఆ రోజుల్లో రైస్ మిల్లులో ఆయిల్ ఇంజన్ నడిపేవాణ్ణి డ్రైవర్ అనేవారు. ఊళ్లో సగం మందికి ఆయన పేరు తెలియదు. నాకు తెలుసు గానీ రాయను. తన పేరు పదిమందిలో వినబడితే ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వచ్చిన కొత్త. నేరేడుచర్ల వైపు జొన్న చేలన్నీ వరి మళ్లయ్యాయి. వడ్లు పండినంత వేగంగా మిల్లులు లేవలేదు. నేను సూర్యాపేట నుంచి బదిలీ మీద మిర్యాలగూడ బడికి వచ్చాను. సాయంత్రాలు మా సంఘం తరఫున మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. వినేవాళ్లు పదిహేను మంది. అందులో పద్నాలుగు మంది సంఘం సభ్యులు.

డ్రైవర్‌కు అప్పటికి నలభై అయిదేళ్లు ఉంటాయి. ఖాకీ చొక్కా, చెవి మీద సుద్దముక్క. ఎవరు మూట తెచ్చినా చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక గింజ తీసి ముందు పళ్లతో కొరికేవాడు. టక్‌మంటే మూట దింపుకునేవాడు. మెత్తగా విరిగితే "ఇంకో రెండు ఎండలు" అని వెనక్కి పంపేవాడు. తెచ్చింది ఎవరైనా సరే. నా మూట కూడా రెండుసార్లు ఎండకు తిరిగి వెళ్లింది.

గడియారం ఆయనకు ఉండేది కాదు. ఏ పనైనా చెప్పగానే ఒకే ప్రశ్న వేసేవాడు. "ఏది అయినంక?" ఫలానా లాటు, అంటే ఒక విడత బస్తాలు, మరకు ఎత్తాలంటే, ఏది అయినంక? జల్లెడ మార్చాలంటే, ఏది అయినంక? వాళ్ల గూడెం పాస్టరు గారు వచ్చి ఆదివారం ప్రార్థన తర్వాత కమిటీ పెడుతున్నామని చెబితే, కానుకలు పట్టుడు అయినంకనా, కాకముందా అని అడిగాడట. కానుకలు పట్టాక సగం మంది లేచిపోతారని ఆయనకు తెలుసు. నేను మా సంఘంలో చేరమంటే అదే తీరుగా అడిగాడు. "మీ మీటింగుల ఎవరైనంక ఎవరు మాట్లాడ్తరు సారూ?" అధ్యక్షుడు, కార్యదర్శి, ముఖ్య అతిథి, తర్వాత సభ్యులు అన్నాను. "మరి హాలు ఊడ్సినామె?" అన్నాడు. ఆయన చేరలేదు.

మిల్లుకు ఒక రేకు తలుపు ఉండేది. రోజూ పొద్దున దాని మీద సుద్దతో ఆ రోజు వరుస రాసేవాడు. మిల్లు యజమాని సావుకారి లాట్లకు గుండ్రాలు. చిన్న మూటల వాళ్లకు బొమ్మలు. వాళ్లలో చదువు వచ్చినవాళ్లు లేరు కాబట్టి ఇంటికొక గుర్తు పెట్టాడు. ఒకరికి కొడవలి, ఒకరికి కోడి, ఒకరికి దువ్వెన. లచ్చమ్మకు రోకలి బొమ్మ వేసి దాని మీద అడ్డగీత కొట్టేవాడు. లచ్చమ్మ కూలికి పోయే మనిషి. వడ్ల బస్తా మీద పడి కుడి భుజం దెబ్బతింది. నాటు వేయగలదు, కోత కోయగలదు. రోకలి ఎత్తలేదు. కూలి కింద వడ్లే ఇచ్చేవారు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. రోకలి వాళ్లకంటే పొడుగ్గా ఉండేది. మర ఆడితేనే ఆ ఇంట్లో అన్నం.

ఒక బుధవారం మధ్యాహ్నం బడి వదిలిన పూట మిల్లుకు వెళ్లాను. ఇంజన్ నడుస్తోంది. సావుకారి బస్తాలు గోడవారన కొండలా ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోవడం లేదు. గూడెం ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మూటలు విప్పి పోస్తున్నారు, చెరిగి కట్టుకుని పోతున్నారు. గోల లేదు, తోపులాట లేదు. ఎవరి వేళకు వాళ్లు పొలం నుంచి అన్నం పూట వచ్చినట్టు వచ్చి పోతున్నారు. లచ్చమ్మ నా ముందే వచ్చి, నా ముందే పోయింది.

ఇదేమిటని అడిగితే డ్రైవర్ పనిముట్ల పెట్టె తెరిచాడు. పానాల కింద నూనె మరకల పంచాంగం. ఉగాదికి పూజారి కంటే ముందు తానే కొంటాడట.

సంగతి ఇది. సావుకారు రాహుకాలంలో కొత్త లాటు ఎత్తనిచ్చేవాడు కాదు. మొదలైన లాటు నడవొచ్చు, కొత్తది మొదలుకాకూడదు. ఇంజన్ ఆపితే మళ్లీ అందుకోవడం పెద్ద తంటా కాబట్టి అది గంటన్నర ఉత్తగా తిరిగేది. ఒకనాడు డ్రైవర్ మా వాళ్ల మూటలు పట్టుకోనా అని అడిగాడు. సావుకారు ఆలోచించి, మీరు కిరస్తానం వాళ్లు, మీకు రాహువు ఏం లెక్క, పట్టుకో అన్నాడు. ఆ రోజు నుంచి రాహుకాలంలో మూట తెచ్చినవాళ్లంతా కిరస్తానమే. లచ్చమ్మ నుదుట రూపాయంత బొట్టు ఉండేది. సావుకారు అటు చూసేవాడు కాదు.

ఇందులో డ్రైవర్ పనితనం వేరే ఉంది. ఒక లాటు పావుగంట ముందు అయిపోతే సావుకారు ఇంకోటి ఎత్తిస్తాడు. ఎత్తాక అది రాహుకాలం మొత్తం మింగేస్తుంది. కాబట్టి లాటు సరిగ్గా రాహువు వచ్చే నిమిషానికే ముగియాలి. సోమవారం పొద్దున ఏడున్నరకు, మంగళవారం మూడింటికి, బుధవారం పన్నెండింటికి, ఇలా వారానికి ఏడు తీర్లు. ఏ లాటు ఎంత సేపు ఆడుతుందో గింజ కొరికి, మర చప్పుడు విని, కోదాడ బస్సు పోయిందో లేదో చూసి లెక్క కట్టేవాడు. ఒక్కసారి కూడా పావుగంట తేడా నేను చూడలేదు. గూడెం వాళ్లకు ఏ వారం ఏ వేళకు రావాలో నోటికి వచ్చు. ఎవరూ కూలి పోగొట్టుకుని కాచుకునే పని లేదు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. మీరు యంత్రం నడిపే మనిషి, పైగా రాహువు లేని మతం, మీరే ఈ పంచాంగం పట్టుకుంటే ఎలా అన్నాను.

"నేనెందుకు నమ్ముత సారూ. నమ్మేది సావుకారి. నేను వాడుకుంటున్న" అన్నాడు.

అబద్ధాన్ని వాడుకోవడం అంటే దాన్ని మేపడమే అన్నాను. ఆయన సుద్ద చెవి మీద పెట్టుకున్నాడు. "మేపితె మేపిన. పాలు ఎవరు తాగుతుండ్రో గది గూడ సూడుండ్రి."

అప్పటికి ఆ జవాబు నాకు జవాబుగా కనిపించలేదు. తర్కంలో దానికి ఒక పేరు ఉంది, ఆ పేరు ఆయనకు చెప్పి వచ్చాను.

కోతల ముందు మా సంఘం ఒక బహిరంగ చర్చ పెట్టింది. రాహుకాలం ఉందా, లేదా. అవతలి పక్షాన కోదాడ నుంచి ఒక జ్యోతిష్కుడు, ఇవతల నేను. గోడల మీద కాగితాలు అంటించిన రోజు డ్రైవర్ బడికి వచ్చాడు. ఆయన బడికి రావడం అదొక్కసారే. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సారూ, జర కోతలు అయినంక పెట్టుకోండ్రి."

నిజం చెప్పడానికి కోతలని, నాట్లని కాలం ఉండదు అన్నాను.

"సరే. మీటింగు పెట్టుకోండ్రి. మిల్లు మాట మాత్రం ఎత్తకుండ్రి."

తల ఊపాను. ఆ ఊపడానికి అర్థం సరేనని ఆయన అనుకున్నాడు. నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను.

చర్చ రోజున మూడొందల మంది వచ్చారు. సావుకారు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జ్యోతిష్కుడు మాటకారి. గ్రహాలు, గ్రహణాలు, శ్లోకాలు, జనం చప్పట్లు. నా వంతు వచ్చేసరికి సభ చేజారుతోంది. అప్పుడు నేను మిల్లు మాట ఎత్తాను.

ఇదే ఊళ్లో ఒక మిల్లులో రోజూ రాహుకాలంలోనే బీదవాళ్ల వడ్లు మర ఆడుతున్నాయి అన్నాను. ఇన్నాళ్లలో ఇంజన్ పగిలిందా? బియ్యం పురుగు పట్టిందా? తిన్నవాళ్లకు రోగాలొచ్చాయా? అవే వడ్లు, అదే మర, అదే బియ్యం. ఇంతకంటే రుజువు ఏం కావాలి? సభ ఈలలు వేసింది. జ్యోతిష్కుడు తన కాగితాలు సర్దుకున్నాడు. నా జీవితంలో అంత స్పష్టంగా గెలిచిన చర్చ ఇంకోటి లేదు. డ్రైవర్ వెనక స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. చప్పట్లు కొట్టలేదు. సావుకారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "సారూ, నా కండ్లు తెరిపిచ్చినవ్. గంటన్నర ఇంజన్ ఊకె తిప్పుతున్న ఇన్ని దినాలు" అన్నాడు.

ఇరవై మంది సభ్యులున్న మా సంఘానికి ఒక సావుకారి మనసు మారడం చిన్న సంగతి కాదు. వారం రోజులు నేల మీద నడవలేదు.

ఎనిమిదో రోజున వడ్ల మూట సైకిల్ మీద పెట్టుకుని మిల్లుకు వెళ్లాను. బుధవారం, పన్నెండు దాటింది. రేకు తలుపు మీద పై నుంచి కింద దాకా గుండ్రాలు. కొడవలి లేదు, కోడి లేదు, దువ్వెన లేదు. లచ్చమ్మ గోడకు ఆనుకుని తన మూట మీద కూర్చుని ఉంది. అలా కూర్చోవడం మూడో రోజట. మూడు రోజుల కోత కూలి పోయింది. మొదటి రెండు రోజులూ ఇరుగింటి వాళ్ల దగ్గర బియ్యం బదులు తెచ్చిందట. మూడో రోజు అడగడానికి మొహం చెల్లక పిల్లలకు వడ్లు వేయించి పేలాలు పెట్టి వచ్చిందట. ఈ మాటలన్నీ ఆమె నాతో ఫిర్యాదుగా చెప్పలేదు. ఏదో ఎండ సంగతి చెప్పినట్టు చెప్పింది. నేనెవరో ఆమెకు తెలియదు.

డ్రైవర్ ఇంజన్ దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. నన్ను చూశాడు.

"మీరు గెలిసిండ్రు సారూ" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. "రాహుకాలం లేదని లచ్చమ్మకు గూడ సెప్పుండ్రి. సంతోషపడ్తది."

నేను అటునుంచి అటే సావుకారి గద్దె దగ్గరికి వెళ్లాను. ఆయన మా నాన్న కంటే పెద్దవాడు, నన్ను నువ్వు అనే పిలిచేవాడు. గంటలన్నీ ఒకటే అని ఒప్పుకున్నారు కదా, అందులో ఒక గంటన్నర చిన్న మూటలకు వదలండి, మీకు పోయేదేమీ లేదు అన్నాను. న్యాయం గురించి కూడా కొంచెం చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"రాహువు అడిగితె ఇచ్చిన. నువ్వడిగితె ఎందుకియ్యాలె?"

ఈ మాటకు జవాబు కోసం నేను చాలా పుస్తకాలు తిరగేశాను. దేవుడు లేడని, దయ్యం లేదని, గ్రహాలకు మన మీద కోపం లేదని వందల మందికి చెప్పాను. మనకు భయపడని మనిషి చేత న్యాయం ఎలా చేయించాలో వాటిల్లో ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. ఉన్నా, నేను ఆ పేజీలు చదవలేదు.

నాలుగు రోజుల తర్వాత సావుకారు మనిషిని పంపి నన్ను పిలిపించాడు. వెళ్లేసరికి డ్రైవర్ కూడా ఉన్నాడు. ఇంజన్‌కు రోజూ గంటన్నర సేపు తేలిక పని పెట్టకపోతే వేడెక్కి సిలిండర్ తలకాయ పగులుతుందని, ఇన్నాళ్లూ రాహుకాలం వల్లే అది బతికిందని డ్రైవర్ చెప్పాడట. చిన్న మూటలైతే ఆ తేలిక పనికి సరిపోతాయట. సావుకారు నమ్మీ నమ్మకుండా ఉన్నాడు.

"నువ్వు సైన్సు చదివినోడివి. నిజమేనా సారూ?"

డ్రైవర్ నా వైపు చూడలేదు. కిటికీలోంచి గోడవారన కూర్చున్న ఆడవాళ్లు కనబడుతున్నారు. ఆ రోజు లచ్చమ్మ పక్కన ఆమె పెద్ద పిల్ల కూడా ఉంది. నాకు తెలిసినంతలో అది శుద్ధ అబద్ధం. ఇంజన్‌కు కావలసింది నీళ్లు, నూనె. చెప్పాల్సిన మాట నాలుక మీద ఉంది.

"ఇంజన్ సంగతి డ్రైవర్‌కే తెలియాలి" అన్నాను.

మర్నాటి నుంచి బొమ్మలు మళ్లీ రేకు మీదికి వచ్చాయి. రాహువు పోయి వేడి వచ్చింది, అంతే తేడా. నేను డ్రైవర్‌కు చాలా రోజులు కనబడకుండా తిరిగాను. కనబడ్డ రోజు ఆయనే అన్నాడు. "మీరు అబద్ధం సెప్పలే సారూ. నిజం గూడ సెప్పలే. ఫికర్ సేయకుండ్రి."

రెండేళ్లు అలా నడిచింది. తర్వాత మిల్లుకు కరెంటు మోటారు వచ్చింది. దానికి రోజూ తేలిక పని అక్కర్లేదని బిగించిన మనిషే సావుకారికి చెప్పాడు. రేకు మీద మళ్లీ గుండ్రాలే మిగిలాయి. డ్రైవర్ ఇంకో సాకు వెతుకుతాడని నేను అనుకున్నాను. ఆయన వెతకలేదు.

ఒక పొద్దున బడికి వెళుతుంటే మిల్లు చప్పుడు వినబడలేదు. లోపలికి తొంగి చూశాను. మోటారు ఆగి ఉంది. హమాలీలు బస్తాల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. గూడెం ఆడవాళ్లు మూటలతో గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. గేటు బయట రెండు లారీలు లాటు కోసం ఆగి ఉన్నాయి. సావుకారు గద్దె దిగి వచ్చాడు. మోటారు ఎందుకు వేయలేదని డ్రైవర్‌ను అడిగాడు.

"ఏది అయినంక వెయ్యాలె?" అన్నాడు డ్రైవర్.

పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా చిన్న మూటలు, రోజూ, ఒకటే వేళ, అది ఒప్పుకున్నంక అని ఆయనే చెప్పాడు. ఈసారి గ్రహం పేరు లేదు, ఇంజన్ పేరు లేదు. ఎవరి హుకుం ఇది అని సావుకారు గద్దించాడు. డ్రైవర్ గొంతు ఎప్పటి గొంతే.

"మాదే."

సావుకారు హమాలీల వైపు చూశాడు. వాళ్లు లేవలేదు. లచ్చమ్మ వైపు చూశాడు. ఆమె బొట్టు అప్పుడు ఆయనకు మొదటిసారి కనబడినట్టుంది. కిరస్తానం కాదా నువ్వు అని అడిగాడు. కాదు సావుకారీ అంది ఆమె. ఎవరో నవ్వారు. నన్ను చూసి, చదువుకున్నోడివి, నువ్వన్నా చెప్పు సారూ అన్నాడు. ఈసారి నా నాలుక మీద ఉన్న మాట నోటి బయటికి వచ్చింది. మోటారుకు ఏ ఇబ్బందీ లేదు, రాహువు లేడు, ఆకలి ఉంది, వాళ్లు అడిగేది న్యాయం అన్నాను. చెప్పి డ్రైవర్ పక్కన నిలబడ్డాను. ఆ పూట బడికి పోలేదు. హెడ్‌మాస్టరు తాఖీదు ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా మోటారు తిరగలేదు. ఆ గంటన్నర చిన్న మూటలదని సావుకారు ఒప్పుకుని మిల్లు గోడ మీద రాయించాక తిరిగింది, పన్నెండింటికి. మొదట పడినవి లచ్చమ్మ వడ్లు. ఆమె చెరుగుకుని, మూట కట్టుకుని గబగబా వెళ్లిపోయింది. ఒంటిగంటకు మళ్లీ మడిలోకి దిగాలి.

నా వాదాలన్నీ కలిపి ఆమెకు ఒక్క పూట అన్నం పెట్టలేదు. సావుకారి మూఢనమ్మకం కొన్నేళ్లు పెట్టింది. డ్రైవర్ అబద్ధం రెండేళ్లు పెట్టింది. రెండూ కాలం తీరగానే పోయాయి. పది మంది కూర్చుని అడిగి రాయించుకున్న గంటన్నర మాత్రం ఆ మిల్లు మూతబడే దాకా పోలేదు. హేతువాదులకు ఇది చెబితే కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి. చీకటి పోగొట్టామని చప్పట్లు కొట్టించుకుని ఇంటికి పోవడం తేలిక. ఆ చీకట్లో తలదాచుకున్నవాళ్లు తెల్లారాక ఎక్కడ నిలబడతారో చూడకపోతే మనం చేసింది సగం పని. ఆ సగం పని లాభం ఎప్పుడూ ముందు వరసలో కుర్చీ వేసుకున్నవాడికే పోతుంది.

మీరు చదివి తల ఊపుతున్నారని నాకు తెలుసు. నేనూ ఒకసారి బడి గుమ్మం దగ్గర అలాగే ఊపాను. తల ఊపడం వద్దు. మీరు పని చేసే చోట, మీరు మందు తెచ్చుకునే దవాఖానలో, మీ ఊరి ఆఫీసులో ఒక వరుస ఉంటుంది. అందులో ఆఖరున ఒక మనిషి ఉంటుంది. రేపు పొద్దున వెళ్లి ఆమె పక్కన నిలబడండి. ఈమె వేళ ఏది, ఎక్కడ రాసి ఉంది అని గట్టిగా అడగండి. రాసి చూపించే దాకా అక్కడి నుంచి కదలకండి.